‘ఓటేయకపోతే పక్కింటివాళ్లకు చెప్పేస్తాం!’

సిగ్గుపడేలా చేసే ఉత్తరాలు ఓటర్లను కదిలిస్తాయా, దూరం చేస్తాయా? అమెరికాలో జరిగిన ప్రయోగాలు దీనికి లెక్కలతో జవాబు చెప్పాయి. రేపు డేటా, ప్రొడక్ట్, మార్కెటింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లే మీరు తెలుసుకోవాల్సిన లెక్క ఇది.

పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు మీ ఇంటికి ఓ ఉత్తరం వచ్చిందనుకోండి. విప్పి చూస్తే అందులో ఓ పట్టిక. మొదటి వరసలో నాన్న పేరు, దాని కింద అమ్మ పేరు, ఆ కింద మీ పేరు. పక్క గడుల్లో గత రెండు ఎన్నికల్లో ఎవరు ఓటేశారో, ఎవరు వేయలేదో ఉంది. అక్కడితో ఆగితే ఫరవాలేదు. ఎదురింటి అంకుల్, మూలింటి టీచరుగారు, పై వాటాలో ఉండేవాళ్లు.. అందరి పేర్లూ, అందరి లెక్కా ఉంది. చివర్లో ఓ మాట: ఎన్నికలయ్యాక ఈ పట్టికలో కొత్త వివరాలు చేర్చి మళ్లీ పంపిస్తాం. మీకే కాదు, మీ వీధివాళ్లకు కూడా.

ఇప్పుడు మీరేం చేస్తారు? లేచి వెళ్లి ఓటేస్తారా? లేక ‘వీళ్లెవరు నన్నడగడానికి’ అని చించి చెత్తబుట్టలో పడేస్తారా?

ఇది నేను కల్పించింది కాదు. 2006 ఆగస్టులో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 20 వేల కుటుంబాలకు ఇలాంటి ఉత్తరమే వెళ్లింది. దాని వెనక ఉన్నది ఏ పార్టీయో కాదు, రాజనీతిశాస్త్ర పరిశోధకులు. అప్పట్లో యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్, నార్తర్న్ అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టఫర్ లారిమర్. వాళ్లు 2008లో ప్రచురించిన ఫలితాలు అమెరికా ఎన్నికల ప్రచార తీరునే మార్చేశాయి.

మన దగ్గర ఇలాంటి ఉత్తరం ఎందుకు రాదు, అక్కడ ఎలా వచ్చింది అన్న సందేహం మీకు రావచ్చు. అమెరికాలో మీరు ఎవరికి ఓటేశారన్నది రహస్యమే. కానీ అసలు ఓటేశారా లేదా అన్నది ఓటర్ల రికార్డుల్లో నమోదవుతుంది. ఆ వివరాలను పార్టీలు, పరిశోధకులు తెచ్చుకోవచ్చు. అక్కడ ఓటర్లను పోలింగ్ కేంద్రానికి రప్పించే ప్రచారమంతా ఈ డేటా మీదే నడుస్తుంది.

నాలుగు ఉత్తరాలు, ఒక ఎన్నిక

ఇప్పుడు ప్రయోగంలోకి వెళ్దాం. ఇంజినీరింగ్ వాళ్లకు ఇది బాగా నచ్చుతుంది. ఎందుకంటే డిజైన్ చాలా శుభ్రంగా ఉంటుంది.

సుమారు 1.8 లక్షల కుటుంబాలను తీసుకున్నారు. లాటరీ తీసినట్టు ర్యాండమ్‌గా అయిదు గుంపులు చేశారు. దాదాపు లక్ష కుటుంబాలకు ఏ ఉత్తరమూ పంపలేదు. అది కంట్రోల్ గ్రూపు. మిగతా 80 వేల కుటుంబాలకు, 20 వేల చొప్పున, నాలుగు రకాల ఉత్తరాలు వెళ్లాయి.

మొదటి రకంలో ‘ఓటు వేయడం పౌరుడిగా మీ బాధ్యత’ అన్న మాట మాత్రమే ఉంది. మనం గోడల మీద చూసే నినాదంలాంటిదే. రెండో రకంలో ఆ మాటతో పాటు ‘ఈ ఎన్నికల్లో ఎవరు ఓటేస్తున్నారో మేం అధ్యయనం చేస్తున్నాం’ అని చెప్పారు. అంటే, మిమ్మల్ని ఒకరు గమనిస్తున్నారన్న మాట. మూడో రకంలో ఆ ఇంట్లోవాళ్ల పాత రికార్డు వాళ్లకే చూపించారు. నాలుగోది నేను మొదట చెప్పింది. ఇంట్లోవాళ్లతో పాటు ఇరుగుపొరుగు రికార్డు కూడా.

ఫలితాలు ఇవీ. ఉత్తరం అందని వాళ్లలో 29.7 శాతం మంది ఓటేశారు. బాధ్యత గుర్తుచేసిన ఉత్తరంతో అది 31.5 శాతం అయింది. ‘గమనిస్తున్నాం’ అన్న ఉత్తరంతో 32.2 శాతం. సొంత రికార్డు చూపిస్తే 34.5 శాతం. పొరుగువాళ్ల పేర్లు కూడా వేస్తే 37.8 శాతం!

ఒత్తిడి పెరిగినకొద్దీ ఓటింగ్ మెట్లెక్కినట్టు పెరిగింది చూడండి. సాధారణంగా ఒక ప్రచార ఉత్తరం ఓటింగ్‌ను ఒక శాతం పాయింటు పెంచినా గొప్పే. అలాంటిది ఒక్క కాగితం 8.1 శాతం పాయింట్లు పెంచేసింది. అందుకే ఎన్నికల ప్రచారాలు నడిపేవాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది. 29.7 నుంచి 37.8కి పెరగడం 8.1 ‘శాతం’ పెరుగుదల కాదు, 8.1 ‘శాతం పాయింట్ల’ పెరుగుదల. మొదటి అంకెతో పోల్చి శాతంలో చెప్పాలంటే అది సుమారు 27 శాతం. రెండూ నిజమే. కానీ ఒకే ఫలితాన్ని ఒకరు 8 అని, మరొకరు 27 అని చెబితే వినేవాళ్లకు కలిగే అభిప్రాయం వేరు. ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పలేక దొరికిపోయిన వాళ్లను నేను చూశాను.

ఆ 62 మంది సంగతేంటి?

కాబట్టి ‘ఒత్తిడి పనిచేస్తుందా’ అన్న ప్రశ్నకు మొదటి జవాబు సూటిగా ఉంది. పనిచేస్తుంది. ఇది ఒక్కరోజు మెరుపు కూడా కాదు. అదే ఓటర్లను తర్వాతి ఎన్నికల్లో గమనిస్తే ప్రభావం తగ్గింది కానీ పూర్తిగా పోలేదని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. ‘బెదిరిస్తే జనం మొండికేసి అసలే రారు’ అనే వాదన, కనీసం సగటు లెక్కల్లో, నిలబడలేదు.

అయితే సగటు అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. అదే ఫలితాన్ని వందమంది మనుషుల లెక్కలో చెప్పుకుందాం.

పొరుగువాళ్ల పేర్లున్న ఉత్తరం వందమందికి అందిందనుకోండి. స్థూలంగా 30 మంది ఆ ఉత్తరం లేకపోయినా ఓటేసేవాళ్లే. ఎనిమిది మంది దాని వల్ల అదనంగా వచ్చారు. మిగిలిన 62 మంది ఉత్తరం అందుకున్నారు, చదివారో లేదో తెలియదు, ఓటుకు మాత్రం వెళ్లలేదు. అంటే ఎనిమిది ఓట్ల కోసం వందమందికి ‘మీ గురించి వీధిలో చెప్పేస్తాం’ అని రాశామన్నమాట. వాళ్లలో మామూలుగానే ఓటేసే 30 మందీ ఉన్నారు. వాళ్లు చేసిన తప్పేంటి?

పైగా ఆ ఎనిమిది కూడా కూడికలు, తీసివేతలు అయ్యాక మిగిలిన అంకె. పది మంది సిగ్గుపడి వచ్చి, రావాలనుకున్న ఇద్దరు కోపంతో మానేశారనుకోండి. అప్పుడూ పట్టికలో కనిపించేది ఎనిమిదే. అలా జరిగిందని నేను చెప్పడం లేదు. సగటు అంకె చూసి జరగలేదని కూడా చెప్పలేమంటున్నాను. కోపం వచ్చిందా, పంపినవాళ్ల మీద నమ్మకం పోయిందా అన్నది ‘ఓటేశారు/వేయలేదు’ అనే కాలమ్‌లో ఎక్కడా ఉండదు. దాన్ని విడిగా కొలవాలి.

ఒక్కోసారి కొలవకుండానే అది వీధికెక్కుతుంది. అయోవాలో అదే జరిగింది.

అయోవాలో ఎదురుదెబ్బ

2016 అధ్యక్ష ఎన్నికలకు రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోసం టెడ్ క్రూజ్, డొనాల్డ్ ట్రంప్ తదితరులు పోటీపడుతున్నారు. తొలి పోరు ఫిబ్రవరి 1న అయోవా రాష్ట్రంలో. సరిగ్గా దానికి ముందు క్రూజ్ ప్రచార బృందం పంపిన ఓ ఉత్తరం సోషల్ మీడియాలో చక్కర్లు కొట్టింది. పైన పెద్ద అక్షరాల్లో ‘ఓటింగ్ ఉల్లంఘన’ అన్న అర్థమిచ్చే శీర్షిక. ఏదో ప్రభుత్వ నోటీసులా ఉంది. లోపల ఆ ఓటరు పేరు, పొరుగువాళ్ల పేర్లు, ఒక్కొక్కరికీ పరీక్ష మార్కుల్లా గ్రేడు. చాలామందికి ‘ఎఫ్’. అంటే ఫెయిల్!

మిషిగన్ ప్రయోగంలోని కిటుకే ఇక్కడా ఉంది. కానీ రెండు తేడాలున్నాయి. ఒకటి, అక్కడ ఉన్న రికార్డును ఉన్నట్టు చూపించారు. ఇక్కడ దాన్ని నేరంలా, ఫెయిలైన పరీక్షలా చూపించారు. ఆ గ్రేడ్లకు అసలు ఆధారం ఏమిటన్న ప్రశ్నలు పత్రికల్లో వచ్చాయి. రెండు, అక్కడ పంపింది ఓట్లడగని పరిశోధకులు. ఇక్కడ పంపింది ఆ ఓటే కావాల్సిన అభ్యర్థి.

అయోవాలో ఎన్నికల వ్యవహారాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ పాల్ పేట్ బహిరంగంగా ఖండించారు. ఆయన కూడా రిపబ్లికనే. తరచుగా ఓటేయకపోవడం అనే ఉల్లంఘన చట్టంలో లేనే లేదని, ఓటర్లకు గ్రేడ్లు ఇచ్చే పని తమ కార్యాలయం చేయదని స్పష్టం చేశారు. ఉత్తరం అందుకున్నవాళ్లు దాని ఫొటోలు తీసి పెట్టి మండిపడ్డారు. క్రూజ్ మాత్రం క్షమాపణ చెప్పనన్నారు. ఓటర్లను రప్పించడానికి ఉన్న మార్గాలన్నీ వాడతామని సమర్థించుకున్నారు.

తర్వాత ఏమైంది? అయోవాలో క్రూజే గెలిచారు. సుమారు 28 శాతం ఓట్లతో మొదటి స్థానం.

‘చూశారా, పనిచేసింది!’ అనేయకండి. అక్కడ కంట్రోల్ గ్రూపు లేదు. ఆ ఉత్తరం వల్ల గెలిచారా, ఉత్తరం వల్ల కొన్ని ఓట్లు పోయినా గెలిచారా, ఆ గెలుపుకీ ఉత్తరానికీ సంబంధమే లేదా.. ఈ మూడింటిలో ఏది నిజమో ఆ ఫలితం చెప్పదు. మిషిగన్ లెక్కను నమ్మడానికీ, అయోవా ఫలితాన్ని రుజువుగా తీసుకోకపోవడానికీ కారణం ఒక్కటే.. కంట్రోల్ గ్రూపు.

ఇది ఒక్క పార్టీ జబ్బు కూడా కాదు. 2014లో న్యూయార్క్ రాష్ట్ర డెమోక్రటిక్ పార్టీ కమిటీ ఓటర్లకు పంపిన ఉత్తరం కూడా ఇలాగే వివాదమైంది. మీరు ఓటేశారో లేదో ఎన్నికల తర్వాత రికార్డుల్లో చూస్తాం, వేయకపోతే ఎందుకు వేయలేదో తెలుసుకోవాలనుకుంటాం అన్న ధోరణిలో అది సాగింది. అందుకున్న చాలామందికి అది ఆహ్వానంలా కాదు, హెచ్చరికలా వినిపించింది.

మా వాట్సాప్ గ్రూపులో ఎర్ర రంగు పేర్లు

ఈ ప్రయోగం గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు మిషిగన్ కాదు, మా కాలేజీ గుర్తొచ్చింది.

బీటెక్ ఫైనలియర్. ప్లేస్‌మెంట్ల కోసం ప్రతి శనివారం మాక్ ఆప్టిట్యూడ్ టెస్టు. జనం సరిగ్గా రావడం లేదని ఒకరోజు బ్రాంచి వాట్సాప్ గ్రూపులో ఓ ఎక్సెల్ షీట్ ఫొటో పెట్టారు. టెస్టుకు రానివాళ్ల పేర్లు ఎర్ర రంగులో. కింద ‘వీళ్లకు ఉద్యోగం అక్కర్లేదు కాబోలు’ అని ఓ వ్యాఖ్య. పైనుంచి మూడో పేరు నాది. ఆ రోజు నాకు జ్వరం. ఆ సంగతి ఎవరికి చెప్పుకోను?

తర్వాతి శనివారం హాలు నిండిపోయింది. నేనూ వెళ్లాను. పెట్టినవాళ్లు సంబరపడ్డారు. వాళ్ల షీటు ప్రకారం ప్లాన్ సూపర్ హిట్.

షీటులో లేని సంగతి ఏంటంటే, ఆ రాత్రే నేను ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టేశాను. నాతో పాటు ఇంకొంతమంది కూడా. రెండు నెలల తర్వాత ఓ ఆఫ్ క్యాంపస్ డ్రైవ్ మెసేజ్ అదే గ్రూపులో వచ్చింది. సాయంత్రం ఆరింటికల్లా ఫామ్ నింపాలి. రాత్రి మెస్‌లో మా రూమ్మేట్ ‘ఏరా, ఫామ్ నింపావా?’ అని అడిగేదాకా నాకు తెలియదు. అప్పటికి తొమ్మిదైంది.

తప్పు నాదే. గ్రూపు చూసుకోవాల్సింది నేనే. కానీ నన్ను ఆ గ్రూపుకు దూరం చేసింది ఏంటన్నది కూడా నిజమే కదా. హాజరు పెంచిన మెసేజే, రెండు నెలల తర్వాత అవసరమైన మెసేజ్‌ను నాకు చేరకుండా చేసింది. హాజరు షీటులో ‘మ్యూట్ చేసినవాళ్లు’ అనే కాలమ్ ఉండదు.

మెత్తగా చెప్పినా వస్తారా?

మరి సిగ్గుపడేలా చేయకుండా ఇదే ఫలితం రాదా? పరిశోధకులు ఆ దారిలో కూడా ప్రయత్నించారు.

2007లో కెంటకీ గవర్నర్ ఎన్నికల సమయంలో క్రిస్టఫర్ మాన్ అనే పరిశోధకుడు ఇలాంటి ఉత్తరాల్లో కటువుతనం తగ్గించి పరీక్షించారు. పొరుగువాళ్ల ముందు నిలబెట్టే భాష లేకపోయినా, రికార్డును మర్యాదగా గుర్తుచేసినా ఓటింగ్ పెరిగింది. కోస్టాస్ పానగోపౌలోస్ అనే మరో పరిశోధకుడు ఇంకో అడుగు వేశారు. ‘గతంలో ఓటేసినందుకు ధన్యవాదాలు’ అని కార్డు పంపి చూశారు. ఆశ్చర్యంగా అది కూడా పనిచేసింది. పొరుగువాళ్ల పేర్లున్న ఉత్తరం స్థాయిలో కాకపోయినా, ఎవరి మనసూ నొప్పించకుండా ఓటింగ్ పెంచింది. ధన్యవాదాల్లో కూడా ‘మీరు ఓటేసిన సంగతి మాకు తెలుసు’ అన్న చిన్న సంకేతం ఉంది. కానీ అది వేలెత్తి చూపదు, భుజం తడుతుంది.

2010లో ఫేస్‌బుక్ చేసిన ప్రయోగం టెక్ వాళ్లకు మరీ దగ్గరిది. అమెరికా కాంగ్రెస్ ఎన్నికల రోజున 6.1 కోట్ల మందిని పరిశీలించారు. వాళ్లలో ఎక్కువమందికి ఫీడ్ పైన ‘నేను ఓటేశా’ అనే బటన్, దాని పక్కన ఓటేశామని చెప్పిన వాళ్ల స్నేహితుల ఫొటోలు కనిపించాయి. కొందరికి స్నేహితుల ఫొటోలు లేకుండా సమాచారం మాత్రమే ఇచ్చారు. సమాచారం మాత్రమే చూసినవాళ్లలో ఓటింగ్ పెరగలేదు. స్నేహితుల ముఖాలు చూసినవాళ్లలో పెరిగింది. మనిషికి చూస్తే అది చాలా చిన్న ప్రభావం, అర శాతం కూడా లేదు. కానీ అంత పెద్ద సంఖ్య మీద, స్నేహితుల ద్వారా పాకింది కూడా కలిపితే దాదాపు 3.4 లక్షల అదనపు ఓట్లని 2012లో ‘నేచర్’ పత్రికలో అంచనా వేశారు.

ఇక్కడా ఉన్నది సామాజిక ఒత్తిడే. కానీ చూపించింది వేయనివాళ్ల జాబితా కాదు, వేసినవాళ్ల ముఖాలు. వేసినవాళ్లు తమంతట తామే చెప్పుకున్నారు. (ఒక కంపెనీ ఇంతమంది మీద చెప్పాపెట్టకుండా ప్రయోగం చేయొచ్చా అన్నది మరో చర్చ. అది కూడా గట్టిగానే జరిగింది.)

ఇంకో సంగతి. మిషిగన్ ఎన్నిక పెద్దగా ఎవరూ పట్టించుకోని ప్రైమరీ. అందుకే మూడొంతుల్లో ఒక వంతు కూడా రాలేదు. 2012లో విస్కాన్సిన్‌లో గవర్నర్‌ను వెనక్కి పిలిచే ఎన్నిక హోరాహోరీగా జరిగింది. టీవీల నిండా, వీధుల నిండా అదే గొడవ. అక్కడ ఇలాంటి ఒత్తిడి ఉత్తరాలు పంపితే ప్రభావం ఒక శాతం పాయింటు దరిదాపుల్లోనే ఉంది. జనం ఎలాగూ కదులుతున్న చోట ఒత్తిడి కలిపేది తక్కువ. కోపం తెప్పించే అవకాశం మాత్రం అలాగే ఉంటుంది. ఒక చోట గెలిచిన ఫార్ములాను ఇంకో చోట కళ్లు మూసుకుని దించితే ఏమవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

మన దగ్గర వద్దా మరి?

2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటితే, హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం కూడా దాటలేదు. ప్రతి ఎన్నికల మర్నాడూ ‘నగర ఓటరు నిద్రపోయాడు’ అని తిట్టుకోవడం మనకు అలవాటే. ఓటేయనివాళ్ల పేర్లు అపార్టుమెంటు నోటీసు బోర్డులో పెట్టాలనే సలహాలు కూడా వినిపిస్తుంటాయి.

కానీ మన వ్యవస్థ ఆ దారిని దాదాపు మూసేసింది. పోలింగ్ కేంద్రంలో టిక్కు పెట్టిన ఓటర్ల జాబితా, మీరు సంతకం చేసే రిజిస్టరు పోలింగ్ అయ్యాక సీల్ అవుతాయి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం కోర్టు ఆదేశం లేకుండా వాటిని తెరవకూడదు. బూత్‌లో కూర్చునే పార్టీ ఏజెంట్లు తమ కాగితాల మీద టిక్కులు పెట్టుకుంటారు కానీ, అమెరికాలోలా ఎవరైనా తెచ్చుకోగలిగే అధికారిక ఓటింగ్ చరిత్ర ఇక్కడ లేదు. కాబట్టి మిషిగన్ ఉత్తరం ఇక్కడ వేయడం కుదరదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మీ అక్కాబావల ఇంటి పోస్టు డబ్బాలో మాత్రం రావచ్చు. ఈసారి ఫోన్ చేసినప్పుడు అడిగి చూడండి.

మన దగ్గర ఉన్నది వేరే పరికరం.. వేలి మీద సిరా చుక్క. 1962 నుంచి సాధారణ ఎన్నికల్లో వాడుతున్న ఈ చుక్కను పెట్టింది దొంగ ఓట్లు ఆపడానికి. అదిప్పుడు సెల్ఫీల్లో గర్వంగా చూపించుకునే గుర్తు అయింది. ఎవరూ అడగకుండానే ‘నేను వేశా’ అని చెప్పుకుంటున్నాం. ఫేస్‌బుక్ బటన్ చేసిన పని అది. నిన్న మొన్నటి వరకు పట్టించుకోని మిత్రుడు కూడా పది సెల్ఫీలు చూసి చెప్పులేసుకుంటాడు. ఒత్తిడే, కానీ ఎవరి పేరూ ఎర్ర రంగులో లేదు.

మీ ఇన్‌బాక్స్‌లోనూ ఇదే ఆట

ఓట్ల సంగతి పక్కన పెట్టి మీ మెయిల్ ఒకసారి తెరవండి. ‘మీ బ్యాచ్‌మేట్లు ఇప్పటికే చేరిపోయారు’, ‘ఇంకా మూడు సీట్లే మిగిలాయి’, ‘వద్దు, నాకు మంచి జీతం అక్కర్లేదు’ అనే బటన్.. ఇవన్నీ మిషిగన్ ఉత్తరానికి చుట్టాలే. కాకపోతే ఇక్కడ చాలాసార్లు ఆ మూడు సీట్ల మాట కూడా అబద్ధం.

మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు తెచ్చింది. అందులో పేర్కొన్న 13 రకాల్లో లేని తొందర సృష్టించడం ఒకటి, ‘కన్ఫర్మ్ షేమింగ్’ అంటే వద్దన్నవాళ్లను సిగ్గుపడేలా చేయడం మరొకటి. వస్తువులు, సేవలు అమ్మే వేదికలకు ఇవి వర్తిస్తాయి. కోర్సు అమ్మే యాప్ మిమ్మల్ని ఇలా తొందరపెడితే, అది మీ బలహీనత కాదు, వాళ్ల డిజైన్ అని గుర్తుంచుకోండి. ఫీజు కట్టేముందు ఒక రాత్రి ఆగండి. నిజమైన అవకాశం అయితే మర్నాడు కూడా వివరాలు చెబుతారు.

ఇంటర్వ్యూలో ఇదే అడిగితే..

కొన్నాళ్లకు మీలో కొందరు ఈ బల్లకు అవతలి వైపు కూర్చుంటారు. నోటిఫికేషన్ రాసేది మీరే, ఏ/బీ టెస్టు నడిపేది మీరే. డేటా అనలిస్ట్, ప్రొడక్ట్ అనలిస్ట్ ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: ‘కొత్త మెయిల్‌తో క్లిక్కులు 27 శాతం పెరిగాయి. అందరికీ పంపేద్దామా?’

‘పెరిగాయి కదా, పంపేద్దాం’ అంటే సగం మార్కులే. మిషిగన్‌ను గుర్తు తెచ్చుకుని వరసగా అడగండి. 27 శాతం అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి? శాతమా, శాతం పాయింట్లా? గుంపులను ర్యాండమ్‌గానే విడదీశారా, కంట్రోల్ గ్రూపు ఉందా? క్లిక్కులు పెరిగిన వారంలోనే అన్‌సబ్‌స్క్రయిబ్‌లు, ఫిర్యాదులు, యాప్ తీసేసినవాళ్లు ఎంతమంది? నెల తర్వాత కూడా ఆ పెరుగుదల ఉందా? మెయిల్ అందీ క్లిక్ చేయని మిగతావాళ్లు మన తర్వాతి మెయిల్ తెరుస్తున్నారా? ఇదే ఫలితం మెత్తటి భాషతో వస్తుందేమో చూశారా?

క్లిక్కుల్లాంటి ప్రధాన కొలతతో పాటు, దాన్ని పెంచే తొందరలో చెడకూడని వాటిని కూడా పెట్టుకుని చూడటాన్ని కంపెనీల్లో ‘గార్డ్‌రైల్ మెట్రిక్స్’ అంటారు. పేరు తెలియకపోయినా ఆ ప్రశ్న అడిగినవాళ్లను ఇంటర్వ్యూ చేసేవాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

మాటల్లో కాదు, చేసి చూడాలనుకుంటే దారి ఉంది. మిషిగన్ ప్రయోగం డేటా చదువుకునేవాళ్లకు దొరుకుతుంది. కోసుకే ఇమాయి రాసిన ‘క్వాంటిటేటివ్ సోషల్ సైన్స్’ పాఠ్యపుస్తకంతో ఇచ్చే డేటా ఫైళ్లలో అదీ ఒకటి. పైథాన్‌లోనో, ఆర్‌లోనో లోడ్ చేసుకుని, అందులో ఉన్న గుంపుల సగటులు మీరే కట్టండి. 37.8 వస్తుందో లేదో చూడండి. ఆ తర్వాత వయసును బట్టి, గతంలో ఓటేసిన అలవాటును బట్టి విడగొట్టండి. ఒత్తిడి ఎవరి మీద ఎక్కువ పనిచేసిందో తెలుస్తుంది. టైటానిక్ డేటాతో చేసిన ప్రాజెక్టులు రెజ్యూమెల్లో చూసీ చూసీ విసిగిపోయిన వాళ్ల ముందు ఇది కొత్తగా ఉంటుంది. వారాంతం రెండు రోజులు చాలు.

ప్రాజెక్టు చివర్లో ఒక పేరా మీ సొంత మాటల్లో రాయండి. ఆ ఎనిమిది మందిని రప్పించిన ఉత్తరాన్ని, మిగతా 92 మందికి కూడా మీరైతే పంపేవారా? ఏం కొలిచాక ఆ నిర్ణయం తీసుకుంటారు? దీనికి ఒకటే సరైన జవాబు లేదు. ‘పంపను’ అన్నా, ‘భాష మార్చి పంపుతా’ అన్నా ఫరవాలేదు. కారణం చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో మీతో ఎక్కువసేపు మాట్లాడించేది మీ కోడ్ కాదు, ఆ పేరానే.

నా మటుకు నేను ఆ నిర్ణయం తీసుకున్నాను. నేను పనిచేసే చోట గుర్తుచేసే మెయిల్ రాయాల్సి వచ్చినప్పుడల్లా, చేయనివాళ్ల జాబితా పక్కన పెట్టి, చేసినవాళ్లకు థ్యాంక్స్‌తో మొదలుపెడతాను. అంకె కాస్త తక్కువ రావచ్చు. గ్రూపును మ్యూట్ చేసేవాళ్లూ తగ్గుతారు.